బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు: లా కాలేజీ న్యాయ సహాయ క్లినిక్ అసలు పని ఎక్కడుంది?

కోర్టు బెయిల్ ఇచ్చిన రోజుకీ, ఖైదీ జైలు గేటు దాటిన రోజుకీ మధ్య ఎన్ని రోజులు గడిచాయి? లా కాలేజీ న్యాయ సహాయ క్లినిక్ ఏడాదిలో ఏం సాధించిందో తెలుసుకోవాలంటే ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇది. ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎన్ని ఊళ్లు తిరిగారు, ఎన్ని కరపత్రాలు పంచారు అన్న లెక్కలు వార్షిక నివేదికల నిండా ఉంటాయి. ఈ ఒక్క లెక్క మాత్రం చాలా చోట్ల కనిపించదు. శిబిరం ఒక పూటలో ముగుస్తుంది, ఫ్లెక్సీ ముందు ఫొటో మిగులుతుంది. బెయిల్ ఉత్తర్వు పట్టుకుని జామీనుదారు కోసం తిరిగే పనికి ఫొటో ఉండదు, అది ఒక పూటలో తేలేది కూడా కాదు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. మధ్యప్రదేశ్‌లో బెయిల్ ఉత్తర్వు వచ్చాక మేజిస్ట్రేటు పదివేల రూపాయల ష్యూరిటీ అడిగారు. సోదరుడు జామీను ఉంటానంటే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. ఒక మలయాళీయో తమిళుడో తెలుగువాడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడి జామీనుదారులను ఎక్కడి నుంచి తెస్తాడని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో నిలదీశారు. పని కోసం ఊరు విడిచి వెళ్లే తెలుగు కూలీకి ఆ ప్రశ్న ఇప్పటికీ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో అరెస్టయ్యే బిహార్, ఒడిశా కూలీలకూ అంతే.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నూటికి 75.8 మంది. వీళ్లలో పేరున్న వకీలును పెట్టుకోగలిగినవాళ్లు తక్కువ. లా విద్యార్థుల సమయం నిజంగా అక్కరకొచ్చే చోటు ఇదే.

చట్టం ఏం చేయమంటోంది

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి 39ఎ అధికరణం వచ్చింది. ఉచిత న్యాయ సహాయం ప్రభుత్వ బాధ్యత అయింది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో చేసినా, అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. ఆ చట్టంలోని 4వ సెక్షన్ విశ్వవిద్యాలయాల్లో, లా కాలేజీల్లో క్లినిక్‌లను ప్రోత్సహించే, పర్యవేక్షించే పనిని జాతీయ సంస్థకు అప్పగించింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీలో ఒక సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో, చివరి సంవత్సరం విద్యార్థులు నడిపే న్యాయ సహాయ క్లినిక్ ఉండి తీరాలి.

ఎవరు అర్హులన్నది 12వ సెక్షన్ చెబుతుంది. ఎస్సీ, ఎస్టీలు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, వెట్టిచాకిరీకి గురైనవారు, విపత్తు బాధితులు, కస్టడీలో ఉన్నవారు. వీరికి ఆదాయ పరిమితి అడ్డు రాదు. జైల్లో ఉన్న మనిషిని ఆదాయ ధ్రువపత్రం తెమ్మని అడిగే క్లినిక్ మొదటి అడుగులోనే తప్పు చేసినట్టు. ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. ఎందుకంటే దరఖాస్తు ఫారంలో ఆదాయం గడి ఉంటుంది, ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందోనని ఫారం నింపే విద్యార్థి భయపడతాడు.

ఇక విద్యార్థి చేయలేనివి. అడ్వొకేట్ల చట్టం ప్రకారం ఎన్‌రోల్ కానివారు కోర్టులో వాదించకూడదు. ఏదైనా ఒక కేసులో ఎవరినైనా అనుమతించే వెసులుబాటు 32వ సెక్షన్ కోర్టుకు ఇచ్చినా, దాన్ని నమ్ముకుని క్లినిక్ నడపలేం. పూర్తికాలం జీతం తీసుకునే అధ్యాపకుడూ ప్రాక్టీసు చేయలేడు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పర్యవేక్షకుడి తోడుతో విద్యార్థే కోర్టులో నిలబడొచ్చు, ఇక్కడ ఆ దారి లేదు. కాబట్టి వకాల్తా వేసే ఒక వకీలు లేకుండా క్లినిక్ ముందుకు కదలదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లోని వకీలును క్లినిక్‌కు జత చేయించుకోవడం, విద్యార్థులను పారాలీగల్ వాలంటీర్లుగా (వకీలు కాకపోయినా న్యాయ సేవాధికార సంస్థ తరఫున సాయం చేసేవారు) నమోదు చేయించడం అన్నవే పనికొచ్చే ఏర్పాట్లు. లా విద్యార్థులు ఎన్‌రోల్ అయ్యేదాకా పారాలీగల్ వాలంటీర్లుగా ఉండొచ్చని జాతీయ పథకమే చెబుతోంది. ఆ గుర్తింపు ఉంటే జైలు అనుమతి దొరకడం తేలికవుతుంది.

వాదించలేకపోవడం పెద్ద లోటనిపిస్తుంది. కానీ విచారణ ఖైదీ కేసులో వాదన పావుగంట పని. దానికి ముందు కాగితాలు సేకరించడం, తేదీలు లెక్కకట్టడం, కుటుంబాన్ని వెతికి పట్టుకోవడం, నకళ్ల కోసం తిరగడం పది రోజుల పని. ప్యానెల్ వకీలుకు ఆ పది రోజులు లేవు. విద్యార్థికి ఉన్నాయి.

జైలు గదిలో బల్లకు ఇటు వైపు

మొదటి ఇంటర్వ్యూలో రాయాల్సినవి ఇవి: పేరు, తండ్రి పేరు, వయసు, క్రైం నంబరు, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, అరెస్టు తేదీ, మొదటి రిమాండ్ తేదీ, కోర్టు, ఛార్జిషీటు పడిందా లేదా, సీసీ (కేలండర్ కేసు) లేదా ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు, తరవాతి వాయిదా, ఇతర కేసులు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు. వీటిలో సగం ఖైదీకి తెలియవు. తెలిసినా తప్పు చెప్పవచ్చు, అది వాళ్ల తప్పు కాదు. రిమాండ్ వారెంట్ చూస్తే క్రైం నంబరు, సెక్షన్లు దొరుకుతాయి. కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో కేసు పట్టుకోవడానికి 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటే వెతుకులాట తప్పుతుంది. ఎఫ్ఐఆర్‌లో ఒక స్పెల్లింగ్, జైలు రిజిస్టరులో మరో స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్ ఉండటం మామూలే. బెయిల్ ఉత్తర్వులో పేరు జైలు రికార్డుతో కలవకపోతే విడుదల ఆ పూటకు ఆగిపోతుంది. మూడు స్పెల్లింగులూ మొదటి రోజే షీటు మీద పక్కపక్కన రాసుకోవాలి.

అడగకూడని ప్రశ్న ఒకటుంది: "నువ్వు చేశావా?" కక్షిదారు చెప్పిన మాటకు సాక్ష్య చట్టం ఇచ్చే గోప్యత రక్షణ వకీలుకూ, ఆయన గుమాస్తాలకూ, ఉద్యోగులకూ ఉంది. క్లినిక్ విద్యార్థికి అది వర్తిస్తుందని ధీమాగా అనలేం. నేరం గురించిన వివరాలు విద్యార్థి నోటు పుస్తకంలోకి ఎక్కితే అవి ఖైదీకే ముప్పు. విద్యార్థి రాసుకోవాల్సింది తేదీలు, కాగితాలు, కుటుంబ పరిస్థితి. మిగతాది వకీలు అడుగుతారు.

"వకీలు ఉన్నారా?" అంటే చాలామంది ఉన్నారనే అంటారు. పేరు అడిగితే చెప్పలేరు. ఇంట్లోవాళ్లు ఎవరికో కొంత డబ్బు కట్టి ఉండొచ్చు, వకాల్తా పడి ఉండొచ్చు. అప్పటికే వకాల్తా ఉన్న కేసులో ఆ వకీలు సమ్మతి లేకుండా మరొకరు దిగకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. ఈ సంగతి చూసుకోకుండా ప్యానెల్ వకీలుతో పిటిషన్ వేయిస్తే కోర్టులో ఇద్దరు వకీళ్ల మధ్య ఖైదీ నలిగిపోతాడు. ముందు కోర్టు ఫైలు చూడాలి. వకాల్తా ఉంటే ఆ వకీలును కలిసి, ఆయనకే సాయం చేస్తామనాలి. అలా సాయం అందుకున్నాక కదిలిన కేసులు తక్కువేం కాదు.

రోజులు లెక్కించడం

క్లినిక్‌లో అతి విలువైన పని లెక్క కట్టడం. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 187(3) ప్రకారం నిర్ణీత గడువులోగా ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిల్ హక్కు వస్తుంది. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు ఆపైన శిక్ష పడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60. ఇక్కడే తడబాటు జరుగుతుంది. గరిష్ఠ శిక్ష పదేళ్లు అయినంత మాత్రాన 90 రోజుల లెక్కలోకి పోదు. కనిష్ఠ శిక్ష పదేళ్లయినప్పుడే అది వర్తిస్తుందని పాత చట్టం కింద 2017లో రాకేశ్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త చట్టంలో మాటలు కొంచెం మారాయి కాబట్టి పిటిషన్‌లో ఆ తీర్పును చూపి వాదించుకోవాలి, దానంతటదే ఒప్పుకుంటారని అనుకోకూడదు.

ఎప్పటి నుంచి లెక్కించాలి? అరెస్టు రోజు నుంచి కాదు, మేజిస్ట్రేటు రిమాండుకు పంపిన రోజు నుంచి. ఆ రోజును కూడా కలుపుకోవాలని 2023 మార్చిలో కపిల్ వాధ్వాన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మార్చి 1న రిమాండైతే మార్చి నెల 31 రోజులు, ఏప్రిల్‌లో 29 రోజులు కలిపి ఏప్రిల్ 29 నాటికి 60 నిండుతాయి. ఆ రోజు ముగిసేలోపు ఛార్జిషీటు పడకపోతే ఏప్రిల్ 30 పొద్దున హక్కు పుడుతుంది. కానీ హక్కు పుడితే చాలదు, అడగాలి. పిటిషన్ వేసేలోపే ఛార్జిషీటు దాఖలైతే హక్కు జారిపోతుంది. ముందు పిటిషన్ వేసి, ఆ తరవాత ఛార్జిషీటు వచ్చినా హక్కు నిలుస్తుంది. కాబట్టి ఏప్రిల్ 29 సాయంత్రానికే పిటిషన్ టైపయి, వకాల్తా మీద జైలు అధికారి ధ్రువీకరణతో ఖైదీ సంతకమో వేలిముద్రో పడి, ప్యానెల్ వకీలు చేతిలో ఉండాలి. 30న కోర్టు తెరిచేసరికి దాఖలు కావాలి. మధ్యాహ్నం అనుకుంటే ఆలస్యమే.

గంజాయి కేసుల్లో లెక్క వేరు. విశాఖ ఏజెన్సీ నుంచి సరుకు మోస్తూ దొరికే కూలీలు, డ్రైవర్లు ఉన్న జైళ్లలో పనిచేసే క్లినిక్‌లకు ఇది కంఠతా రావాలి. ఒక కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణమైతే ఛార్జిషీటు గడువు 180 రోజులు, దానికి తోడు బెయిల్ మీద మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షన్ ఆంక్షలు. పంచనామాలో 21 కిలోలని ఉంటే అందులో సంచి బరువు కలిసిందా, తడి సరుకా, ఎలా తూచారు అన్నవి వెంటనే వకీలు దృష్టికి తేవాలి. ఆ ఒక్క కిలో తేడాతో మనిషి నెలల తరబడి లోపల ఉండిపోవచ్చు.

ఛార్జిషీటు పడ్డాక మిగిలే దారుల్లో ముఖ్యమైనది సురక్షా సంహితలోని 479వ సెక్షన్. గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపినవారిని బెయిల్ మీద వదలాలి. గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివారికైతే మూడో వంతు గడిస్తే చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. చట్టం 2024 జులై 1న అమల్లోకి వచ్చినా, అంతకుముందు నమోదైన కేసుల్లోని ఖైదీలకూ వర్తిస్తుందని ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గడువు నిండినవారి కోసం దరఖాస్తు పెట్టే బాధ్యత జైలు సూపరింటెండెంటుదే.

మామూలు దొంగతనానికి గరిష్ఠంగా మూడేళ్లు. మొదటిసారి దొరికినవాడికి ఏడాదికే అర్హత వస్తుంది. అదే రాత్రిపూట తాళం పగలగొట్టి చేసిన దొంగతనమైతే పాత ఐపీసీ 457 కింద గరిష్ఠం 14 ఏళ్లు, మూడో వంతు అంటే 4 ఏళ్ల 8 నెలలు. షీటులో "దొంగతనం కేసు" అని మాత్రమే రాసుకున్న విద్యార్థి ఏడాదికే ఆశ పెట్టేస్తాడు. ఆ తల్లి ఊళ్లో అందరికీ చెప్పుకుంటుంది. తరవాత కాదని చెప్పడం కంటే సెక్షన్ సరిగ్గా రాసుకోవడం సులువు.

ఈ సెక్షన్‌లో పెద్ద అడ్డంకి రెండో ఉపసెక్షన్. ఒకటికి మించి నేరాల్లో, లేదా ఒకటికి మించి కేసుల్లో విచారణ సాగుతుంటే ఈ వెసులుబాటు లేదంటుంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు సెక్షన్లు పెట్టడం మన పోలీసులకు అలవాటు. మాటకు మాట పట్టుకుంటే ఈ సెక్షన్ చాలామందికి అందదు. అందుకని ఖైదీని జాబితా నుంచి కొట్టేయకూడదు. రాజ్యాంగం 21వ అధికరణం కింద సత్వర విచారణ హక్కును చూపి మామూలు బెయిల్ పిటిషన్ వేయించాలి. ఎన్ని వాయిదాలు పడ్డాయి, అందులో ఖైదీని కోర్టుకు తీసుకురానివి ఎన్ని, సాక్షి రానివి ఎన్ని అన్న పట్టిక జత చేయాలి. ప్రతి వాయిదాలో ఏం జరిగిందో కోర్టు రాసే డాకెట్ షీట్ల నుంచి ఆ పట్టిక తయారు చేయడం అచ్చంగా విద్యార్థి పని. న్యాయమూర్తి ముందు అది పేజీల కొద్దీ వాదన కంటే బలంగా పనిచేస్తుంది.

జిల్లా జడ్జి అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చునే విచారణ ఖైదీల సమీక్ష కమిటీకి కలెక్టరు, ఎస్పీ, జైలు అధికారి, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి వస్తారు. క్లినిక్ తన పట్టికను సమావేశానికి వారం ముందే కార్యదర్శికి అందిస్తే అది ఎజెండాలోకి ఎక్కుతుంది. సమావేశం రోజు తీసుకెళ్తే పక్కన పడుతుంది.

బెయిల్ తరవాత

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ప్రతి క్లినిక్ గోడ మీద ఉండాలి. బెయిల్ ఉత్తర్వు ప్రతిని కోర్టు అదే రోజో మర్నాడో ఈమెయిల్‌లో జైలుకు పంపాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు అధికారి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. కార్యదర్శి పారాలీగల్ వాలంటీరునో వకీలునో పంపి కారణం కనుక్కోవాలి. నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టే షరతులు సడలించే విషయం పరిశీలించవచ్చు. స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టడం విడుదలకు అడ్డవుతోందని కూడా కోర్టు చెప్పింది. బెయిల్ ఇవ్వదగిన నేరాల్లోనైతే చట్టం ఇంకా సూటిగా ఉంది: వారంలో జామీను ఇవ్వలేని మనిషిని పేదగా భావించి సొంత బాండు మీదే వదలాలి.

కాగితం మీద ఇంత ఉన్నా గేటు దగ్గర ఎందుకు ఆగుతుంది? ఒకటి, ఈమెయిల్ వెళ్లిందో లేదో ఎవరూ చూడరు. రెండు, జామీనుదారు తెచ్చిన ఇంటి పన్ను రసీదు తండ్రి పేరున ఉంటుంది, ఆధార్ కొడుకుది, కోర్టు ఒప్పుకోదు. ష్యూరిటీల పరిశీలనకు రోజులు పడతాయి. ఈలోపు కిరాయికి జామీను ఉండేవాళ్లు కుటుంబం దగ్గరికి చేరతారు. బెయిల్ పిటిషన్ వేసిన రోజే ఇద్దరు జామీనుదారుల కాగితాలు చూసి, పేర్లు సరిపోల్చి, లోటుంటే చెప్పడం వల్ల మిగిలే రోజులు ఖైదీ జీవితంలోని రోజులు. మూడు, పీటీ వారెంటు, అంటే జైల్లో ఉన్న మనిషిని మరో కేసులో కోర్టుకు రప్పించే ఆదేశం. ఈ కేసులో బెయిల్ వచ్చిన సాయంత్రమే వేరే స్టేషన్ కేసులో వారెంటు వస్తుంది. మొదటి ఇంటర్వ్యూలో "ఇతర కేసులు" గడి సరిగ్గా నింపితే రెండు కోర్టుల్లోనూ ఒకేసారి పిటిషన్లు కదిలించవచ్చు.

డబ్బు అడ్డయితే కేంద్ర హోం శాఖ 2023లో తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకం ఉంది. పథకం వచ్చినప్పుడు విచారణ ఖైదీ ష్యూరిటీ కోసం 40,000 రూపాయలు, శిక్షపడినవారి జరిమానా కోసం 25,000 పరిమితిగా ఉండేవి. జిల్లా స్థాయి కమిటీ మంజూరు చేయాలి. అయితే మాదకద్రవ్యాల చట్టం, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం), అవినీతి నిరోధక చట్టం, మనీ లాండరింగ్ కేసులకు ఇది వర్తించదు. గంజాయి మోసిన కూలీకి ఈ తలుపు మూసే ఉంది. ఆ కేసుల్లో ష్యూరిటీ మొత్తం తగ్గించమని అడగడమే మార్గం.

తెలుగు చదవగలిగిన విద్యార్థి

ఎఫ్ఐఆర్, పంచనామా, సాక్షుల వాంగ్మూలాలు మన జిల్లాల్లో తెలుగులోనే ఉంటాయి. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి, విశాఖలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయానికి దేశం నలుమూలల నుంచి విద్యార్థులు వస్తారు. వాటి ప్రవేశ పరీక్ష క్లాట్ ఇంగ్లిషులోనే రాస్తారు. చట్టం మీద పట్టున్నా పోలీసు తెలుగు చాలామందికి అంతుచిక్కదు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్ తెలుగులో రాసి చేరిన జిల్లా కాలేజీ విద్యార్థికి "సదరు ముద్దాయి", "పైన తెలిపిన తేదీన" అన్న భాష కొట్టిన పిండి. ఈ ఇద్దరినీ ఒకే ఫైలు మీద కూర్చోబెట్టే ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు, రెండు కాలేజీల మధ్య ఒక ఒప్పంద పత్రం చాలు. చేస్తే ఇద్దరూ నేర్చుకుంటారు. ఎవరు ఎక్కువ నేర్చుకుంటారన్నది ముందుగా చెప్పలేం.

ఆ మాటకొస్తే తెలుగు నేల మీద ప్రజా ప్రయోజన న్యాయవాదం కాలేజీల్లో పుట్టలేదు. న్యాయవాదులు కె.జి. కన్నబిరాన్, బొజ్జా తారకం కోర్టు హాళ్ల నుంచి, ఉద్యమాల నుంచి దాన్ని నిర్మించారు. కె. బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి, హక్కుల ఉద్యమంలో తిరిగి, ఆ తరవాతే నల్లకోటు వేసుకున్నారు. దళితుల ఊచకోతలు జరిగిన 1985 కారంచేడు, 1991 చుండూరు ఈ ప్రాంత చట్ట చరిత్రలో మైలురాళ్లు. చుండూరు బాధితుల పట్టుదల వల్ల ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే కూర్చుంది. క్లినిక్ విద్యార్థి ఆ రికార్డు చదవాలి. బాధితుల వెంట ఏళ్ల తరబడి ఎవరైనా నిలబడితే కోర్టు ఎంత దూరం కదిలి వస్తుందో అందులో ఉంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పరిహారం వకాల్తాతో పనిలేకుండా విద్యార్థి పూర్తిగా నడపగలిగిన రంగం. 1995 నిబంధనల ప్రకారం పరిహారం విడతల్లో ఇవ్వాలి. హత్య కేసులో 2016 సవరణ ప్రకారం 8,25,000 రూపాయలు, అందులో సగం పోస్టుమార్టం తరవాత, మిగతా సగం ఛార్జిషీటు కోర్టుకు వెళ్లాక. చాలా ఇతర నేరాల్లో ఎఫ్ఐఆర్ దశలోనే మొదటి విడత వస్తుంది. ఆగేది ఎక్కువగా రెండో విడత దగ్గర. ఛార్జిషీటు పడిన సంగతి సాంఘిక సంక్షేమ శాఖకు ఎవరూ చెప్పరు, కుటుంబానికి అది పడిందనే తెలియదు. ఛార్జిషీటు నకలు, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం జతచేసి కలెక్టరుకు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. కదలిక లేకపోతే ఫైలు ఏ బల్ల మీద ఉందో, ఎన్నో తేదీ నుంచి ఉందో సమాచార హక్కు కింద అడగాలి. గడువు 30 రోజులు, జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30 రోజులు. "ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పికొడతారు. నోట్ ఫైలు నకలు, ఫైలు కదలికల రిజిస్టరు నకలు కావాలని అడగాలి.

పరిశోధన కూడా ఫైలే

1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్, కస్టడీ అత్యాచార కేసులో సుప్రీంకోర్టు తీర్పును తప్పుపడుతూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దాని మీద లేచిన చర్చ 1983 చట్ట సవరణ దాకా వెళ్లింది. 1981లో బక్షి, సర్కార్ ఆగ్రా రక్షణ గృహంలోని స్త్రీల దుస్థితి మీద కోర్టుకు రాశారు. ఆ లేఖే రిట్ పిటిషన్ అయింది, ఏళ్ల తరబడి నడిచింది. వారి ఘనత లేఖ రాయడంతో ముగియలేదు. వాయిదాలకు హాజరవుతూ, నివేదికలు చదువుతూ నిలబడ్డారు.

ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన మరణశిక్ష నివేదికకు అనూప్ సురేంద్రనాథ్ నాయకత్వంలో విద్యార్థులు జైలు జైలుకూ తిరిగారు. 385 మంది మరణశిక్ష ఖైదీల్లో 373 మంది వివరాలు నమోదు చేశారు. నూటికి 74.1 మంది ఆర్థికంగా బలహీనులని తేలింది. ఆ కృషి నుంచి పెరిగిన ప్రాజెక్ట్ 39ఎ ఒక ఖైదీ కేసును పట్టుకుంది. 1994 పుణె హత్యల్లో అతనికి మరణశిక్ష పడింది. రికార్డుల్లో పేరు ఒకటి, ఊళ్లో పేరు మరొకటి. రాజస్థాన్‌లోని అతని ఊరి బడి రిజిస్టరులో పుట్టిన తేదీ 1982 ఫిబ్రవరి 1 అని ఉంది. అంటే నేరం జరిగిన నాటికి వయసు పన్నెండున్నరేళ్లు. బాలుడినన్న వాదన ఏ దశలోనైనా, తుది తీర్పు తరవాతైనా లేవనెత్తవచ్చని చట్టం చెబుతుంది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది. అప్పటికి 28 ఏళ్లకు పైగా లోపల ఉన్నాడు. బడి రిజిస్టరులోని ఆ ఒక్క వరుస అన్నేళ్లూ అక్కడే ఉంది. జైలు ఇంటర్వ్యూ షీటులో "వయసు" గడిని జైలు రికార్డు చూసి నింపకుండా, "ఏ బడిలో చదివావు, ఎన్నో తరగతి దాకా" అని అడిగి నింపాలనడానికి కారణం ఇదే.

చేతులు మారే చోట

క్లినిక్‌లు కుప్పకూలేది ఎక్కువగా కేసు ఓడిపోయి కాదు, సెమిస్టరు అయిపోయి. నవంబరులో పరీక్షలు, ఏప్రిల్, మేలలో పరీక్షలు, ఆపైన సెలవులు. పై ఉదాహరణలోని ఏప్రిల్ 30 సరిగ్గా పరీక్షల మధ్య పడుతుంది. చివరి సంవత్సరం విద్యార్థులే క్లినిక్ నడపాలన్న నిబంధన మంచిదే, కానీ వాళ్లే మేలో వెళ్లిపోతారు. ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు, అదీ ముక్కలు ముక్కలుగా. బయటి నుంచి వచ్చే ఇంటర్న్‌లకు నాలుగు వారాలకు మించి ఫైలు అప్పగించలేం.

దీనికి మందు ఖరీదైనది కాదు. ప్రతి ఫైలు మీద ఇద్దరి పేర్లు ఉండాలి, ఒకరు చివరి సంవత్సరం, ఒకరు అంతకు రెండేళ్లు కింద. ఒక జంటకు అయిదారు ఫైళ్లకు మించి ఇవ్వకూడదు. ఇరవై ఇస్తే ఇరవైలోనూ తేదీలు తప్పుతాయి. క్లినిక్‌ను క్రెడిట్ ఉన్న కోర్సుగా పెట్టాలి. మార్కులు లేని పని పరీక్షల నెలలో ఆగిపోతుందంటే అది విద్యార్థుల సోమరితనం కాదు, వాళ్లకు ఇచ్చిన లెక్క అలాంటిది. అధ్యాపకుడికి పని గంటల్లో క్లినిక్ గంటలు కలపాలి. ఫైళ్లు విద్యార్థుల వాట్సాప్‌లో కాకుండా తాళం వేసే బీరువాలో, కాలేజీ మెయిల్‌లో ఉండాలి. ఖైదీ కుటుంబానికి ఇచ్చే ఫోన్ నంబరు విద్యార్థి సొంతది కాకుండా క్లినిక్‌ది కావాలి. లేకపోతే జూన్‌లో ఆ తల్లి చేసే ఫోన్ మరో ఊళ్లో ఉద్యోగంలో చేరిన కుర్రాడికి మోగుతుంది.

మే మొదటి వారంలో అప్పగింత రోజు పెట్టాలి. వెళ్లే విద్యార్థి, వచ్చే విద్యార్థి, ప్యానెల్ వకీలు, అధ్యాపకుడు నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ప్రతి ఫైలూ తెరవాలి. పది నిమిషాలు చాలు. ఏ కాగితం ఉంది, ఏది రావాలి, ఖైదీకి చివరిసారి ఏం మాట ఇచ్చాం, తరవాతి వాయిదా ఎప్పుడు. రిజిస్టరు చివరి గడిలో తేదీ పక్కన వచ్చే విద్యార్థి సంతకం పడాలి. వీలైతే ఆ వారంలోనే ఇద్దరూ కలిసి జైలుకు వెళ్లి, ఇకమీద వచ్చేది ఈ అమ్మాయి అని ఖైదీకి ముఖం చూపించి, పేరు చెప్పి రావాలి.